జంగయ్య చేతికొచ్చిన తొమ్మిది తోలు పుస్తకాలు

పుస్తకం చేతికిస్తే లోకంలో అందరూ తెరిచి చూస్తారు. జంగయ్య మాత్రం వాసన చూసేవాడు. చదువు సంగతికొస్తే తెలుగు కూడబలుక్కునేవాడు, ఉర్దూ అంతకంటే కాస్త నయం. ముక్కు మాత్రం మహాపండితుడిది. మైదాతో అంటించారా, వజ్రం బంకతో అంటించారా, అట్ట మీదున్నది మేకతోలా, గొర్రెతోలా, పుస్తకం ఎప్పుడైనా వానలో తడిసిందా, అన్నీ అతనికి ముక్కే చెప్పేది.

అతని మడిగె దిల్‌సుఖ్‌నగర్ డిపో వెనక సందులో, టైలరుకూ సిమెంటు దుకాణానికీ నడుమ ఇరుక్కుని ఉండేది. అది ఎనభై ఆరో సంవత్సరం. కొత్తపేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా నిన్న ద్రాక్షపాదులున్న చోట ఇవాళ హద్దురాళ్లు లేచేవి, ఎల్లుండికి స్లాబు పడేది. కాలనీ పుడితే సంఘం పుడుతుంది, సంఘం పుడితే రిజిస్టరు కావాలి. కాబట్టి బైండింగు చేసే జంగయ్యకు పనికి కొదవ లేదు. రిజిస్టర్లు, స్కూలు నోటుపుస్తకాలు, కోచింగు గైడ్లు. అన్నిటికీ రెక్సినే. ఆ రెక్సిన్ అంటేనే అతనికి ఒళ్లు మంట. దానికి వాసనా ఉండదు, వయసూ రాదు అని బుచ్చవ్వతో అంటూ ఉండేవాడు. బుచ్చవ్వ అతని భార్య. వయసు రానిది ఏదైనా ఉంటే జర నాకూ తెచ్చిపెట్టమని ఆమె జవాబు.

సెప్టెంబరు చివర ఒక మంగళవారం పొద్దున సూర్యప్రభ టీచరు వచ్చింది. ఆమెది భీమవరం వైపు. భర్త ఉద్యోగం మీద వచ్చి కొత్తపేట వెనక కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. కాలనీ సంఘానికి ఆమె సెక్రటరీ. విజయదశమికి సంఘం వాళ్లు గ్రంథాలయం తెరుస్తున్నారట. ఆ నేలంతా ఒకప్పుడు తనదే అయిన పాండురంగం, పాత ఇల్లు కూలగొడుతూ తాతల నాటి పుస్తకాల ట్రంకుపెట్టె ఒకటి గ్రంథాలయానికి ఇచ్చేశాడట. ఆమె సంచీలోంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. పెట్టి చేతులు దులుపుకుంది. ఇటుకపొడి లాంటి ఎర్రటి దుమ్ము చీర కుచ్చిళ్ల మీద రాలింది.

"ముట్టుకుంటే ఇలా రాలిపోతోందండీ. ఈ పాత తోలు పీకేసి, మెరూన్ రెక్సిన్ వేసి, బంగారు అక్షరాలు కొట్టించమన్నారు మా ప్రెసిడెంటు గారు. మొత్తం తొమ్మిది."

జంగయ్య వినలేదు. పుస్తకం ఎత్తి ముక్కుకు ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. మేకతోలు. డెబ్బై, ఎనభై ఏళ్ల కిందటిది. మడత మడతకూ దారం పోయే జుజ్ కుట్టు. పని చేసినవాడెవడో గాని చెయ్యి తిరిగినవాడు. వీపు మీద గీతలు ఐదూ ఇప్పటికీ దారం పెట్టి కొలిచినట్టున్నాయి. వీపు ఒక పక్క తెగి వేలాడుతోంది, అట్ట ఒకటి ఊడింది, తోలు పొడిపొడిగా రాలుతోంది. అయినా పానం పోలేదు. బాగుచేయడానికి తోలు పుస్తకం చేతికి రాక ఎన్నేళ్లయింది!

టీచరు గొంతు సవరించుకుంది. జంగయ్య కళ్లు తెరిచి, మిగిలిన ఎనిమిదీ ఎట్లున్నయి, గింతనేనా, ఇంకా పాడయినయా అని ఆత్రంగా అడిగాడు. అన్నీ అలాగే ఉన్నాయందామె. అతని ముఖం వెలిగిపోయింది. జబ్బు ముదిరిందంటే సంతోషించే వైద్యుణ్ణి ఆమె అంతకుముందు చూసి ఉండదు.

"టీచరమ్మా, రెక్సిన్ ఎయ్యుమంటే నాతోని కాదు. గీ తోలే నిలబెడ్త."

ఈ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి. ఇరవై రెండేళ్ల వయసులో జంగయ్య అఫ్జల్‌గంజ్‌లో గఫూర్ సాబ్ అనే ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నాడు. ఒకరోజు ఇలాంటిదే ఎర్రపొడి రాలే పుస్తకం వచ్చింది. శుభ్రం చేద్దామని తడిగుడ్డతో తుడిచాడు. తుడిచిన మేరా తోలు బొగ్గులా నల్లబడింది. మళ్లీ రంగు రాలేదు, ఎప్పటికీ రాదు కూడా. పొడి రాలే తోలుకు నీటిచుక్క విషమని అప్పుడు తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఉస్తాదు తిట్టలేదు. తొమ్మిది రోజులు మాట్లాడలేదు, అంతే. పదో రోజు పిలిచి, పాత తోలును బతికించడం ఎలాగో మొదటినుంచీ నేర్పాడు.

ఆ నేర్చుకున్న విద్య అటకెక్కింది. జంగయ్యకు ఒక దఫ్తరులో బైండరు ఉద్యోగం దొరికింది. అక్కడ ఏటా వరస పెట్టి పాత తోలు పుస్తకాలు వచ్చేవి. తోలు పీకి రెక్సిన్ వేయమని ఆర్డరు. కొత్త ఒక వింత, పాత ఒక రోత. ముప్ఫై ఏళ్లు తన చేత్తోనే కత్తి పెట్టి పీకాడు. పీకిన తోలు వెనక దొడ్లో కుప్ప పోసేవారు. పిల్లల కడుపు నిండాలి కాబట్టి నోరు మూసుకున్నాడు, కానీ ఆ ముప్ఫై ఏళ్లూ అతనికి సిగ్గుగా ఉండేది. ఇప్పుడు రిటైరై రెండేళ్లు. పైన ఆఫీసరు లేడు. ఈ తొమ్మిది పుస్తకాలూ తన చేతుల మీదుగా రెక్సిన్‌లోకి పోతే ఇక ఆ తప్పు ఎవరి నెత్తినా వేయడానికి లేదు.

టీచరు అతణ్ణి తిన్నగా ప్రెసిడెంటు రామమోహనరావు ఇంటికి తీసుకుపోయింది. ఆయన కృష్ణాజిల్లా మనిషి, రిటైరైన ఇంజనీరు. గీత గీస్తే వంకర ఉండకూడదు. గ్రంథాలయంలో పుస్తకాలన్నీ ఒకే రంగులో, సైనికుల్లా నిలబడాలని ఆయన కోరిక. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. జంగయ్య చెప్పినదంతా విని, పొడి రాలే పుస్తకాన్ని జనం చేతుల్లో ఎలా పెడతామయ్యా అన్నాడు. అందులోనూ న్యాయం లేకపోలేదు.

జంగయ్య చుట్టూ చూశాడు. ఇంటిమీద మేడ వేయిస్తున్నారు. వరండాలో ఒక మూల గోడ బీటవేసిన చోట కొత్తగా పిల్లరు పోశారు, ఇంకా తడి ఆరలేదు.

"సార్, గీ గోడ పగిలిందని ఇల్లంత కూలగొట్టిన్రా? పగిలిన కాడ పిల్లరు పోసిన్రు. పాత గోడ పాత గోడ లెక్కనే ఉన్నది. నేనూ గంతే జేస్త. కొత్త తోలు లోపలికెళ్లి బరువు మోస్తది, పాత తోలు మీద కూసుంటది."

రామమోహనరావు పిల్లరు వంక చూశాడు, జంగయ్య వంక చూశాడు. ఇంజనీరును ఇంజనీరింగుతోనే కొడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? శుక్రవారం సాయంత్రానికి ఒక్క పుస్తకం చేసి చూపించమన్నాడు. తనకు నచ్చిందా సరే, లేకపోతే తొమ్మిదీ కోఠీలో ఇంకో బైండరుకు పోతాయి, మెరూన్ రెక్సిన్, మళ్లీ మాట్లాడేది లేదు.

రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవడమెందుకు? జంగయ్య అటునుంచి అటే ముషీరాబాదు బస్సెక్కాడు. తోళ్ల దుకాణంలో మేకతోలు ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూశాడు, అంచు కోసి వాసన చూశాడు. తంగేడు చెక్కతో ఊరబెట్టిన తోలు చూడ్డానికి బాగుంటుంది గాని ఒంటరిగా వదిలేస్తే ముప్ఫై, నలభై ఏళ్లకు ఇలాగే ఎర్రబడి రాలుతుంది. చివర్లో కరక్కాయ నీళ్లలో వేస్తేనే నిలుస్తుంది. కరక్కాయ నీళ్లు చూపించారా లేదా అని అడిగీ అడిగీ దుకాణందారును పరేషాన్ చేసి, ఆఖరుకు ఒకటి పట్టుకుని మధ్యాహ్నానికి వచ్చాడు. దారిలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో దిగి, పారేసిన దానిమ్మ తొక్కలు జోలె నిండా ఏరుకున్నాడు. వాటిని ఇనప మూకుట్లో మరిగిస్తే పాత తోలు రంగు వస్తుంది.

ఇక మేకకాళ్లు. ఉస్తాదు మందు అదే: మేకకాళ్లు మెల్లగా ఉడకబెట్టి, పైన తేలిన నూనె తీసి, వడగట్టి, తేనెమైనంతో కలిపిన ముద్ద. బియ్యపుగింజంత తీసుకుని పొడిగుడ్డతో రుద్దితే, రాలే తోలు రాలడం మానుతుంది. బుచ్చవ్వ మూతి విరిచింది.

"పుస్తకాలకు పాయా పెట్టుడేందయ్యా? నూనె నీ పుస్తకాలకు, సూపు మాకు. గట్లయితేనే పొయ్యి మీద పెడ్త."

ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత మూడు వారాలు ఆ ఇంట్లో పాయా తప్ప ఇంకో కూర లేదు.

బుధవారం పొద్దున పని మొదలైంది. మెత్తటి కుంచెతో పొడి అంతా కాగితం మీదికి దులిపాడు. పల్చటి కత్తి తోలుకూ అట్టకూ మధ్యకు పోనిచ్చి పాత వీపును లేపడం మొదలుపెట్టాడు. ఇది విరిగితే కథ ముగిసినట్టే. వెంట్రుకవాసి, ఇంకొక వెంట్రుకవాసి. పక్క మడిగె టైలరు మిషను తొక్కడం ఆపి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. జంగయ్య ఊపిరి తీస్తున్నాడో లేదో కూడా తెలియలేదు. రెండు గంటలకు ఐదు గీతలతో సహా వీపు ఒక్క ముక్కగా చేతిలోకి వచ్చింది. అతను దాన్ని అరచేతిలో పట్టుకుని, గెలిచినట్టు టైలరుకు చూపించి పకపకా నవ్వాడు.

గురువారం చిరిగిన మడతలకు ఉల్లిపొర కాగితం అంటించి, మళ్లీ కుట్టాడు. కొత్త తోలును అంచుల దగ్గర చెక్కి చెక్కి, వేలు పెడితే వేలు కనిపించేంత పల్చన చేశాడు. దానిమ్మ రంగు మూడుసార్లు పట్టించాడు. ఆరాక, పురుగు రాకుండా చిటికెడు మైలుతుత్తం వేసిన మైదా బంకతో వీపుకు చుట్టి, అంచులు పాత తోలు కిందికి దూర్చాడు. బంక తడి పాత తోలు పైకి ఊరకుండా పల్చగా, గట్టిగా రాయడమే అందులో కిటుకు. శుక్రవారం పొద్దున పాత వీపును దాని చోటే కూర్చోబెట్టి, పాత తోలంతా మైనం ముద్దతో రుద్దాడు. అతుకు ఎక్కడుందో తనకే వెతుక్కుంటే గాని దొరకలేదు. మడిగెలో ఒక్కడే ఉన్నాడు గాని "శాబాష్‌రా జంగా" అని పైకే అనేసుకున్నాడు.

సాయంత్రం రామమోహనరావు పుస్తకాన్ని మధ్యకు తెరిచాడు. అది చప్పుడు లేకుండా, అరిటాకులా పరుచుకుంది. మూశాడు. మళ్లీ తెరిచాడు. తెల్లటి జేబురుమాలు తీసి అట్ట మీద గట్టిగా రుద్ది చూశాడు. ఎర్రపొడి లేదు. ఆయన ఏడుసార్లు తెరిచి మూయడం సూర్యప్రభ లెక్కపెట్టింది. చివరకు, మిగతా ఎనిమిదీ విజయదశమికల్లా అవుతాయా అని మాత్రం అడిగాడు. జంగయ్య వంగి నమస్కారం పెట్టి, రోడ్డు మీదికొచ్చాక పరుగెత్తాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పంచె ఎగ్గట్టుకుని, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద.

తర్వాతి రోజుల్లో రిజిస్టర్లవాళ్లు వచ్చి తిట్టిపోయారు, కోచింగువాళ్లు ఇంకో బైండరును చూసుకున్నారు. జంగయ్యకు పట్టలేదు. ఒక్కో పుస్తకానిది ఒక్కో రోగం. మూడోదాని అట్టను ఎలుక కొరికింది. ఆరోదాని వీపు నాలుగు ముక్కలైంది, నాలుగూ అతికాడు. ఒక్కొక్కటి లేచి కూర్చుంటుంటే అతనికి వయసు ఒక్కో ఏడు తగ్గుతున్నట్టుండేది. ఇచ్చేముందు టీచరుకూ ప్రెసిడెంటుకూ ఒకే మాట వందసార్లు చెప్పాడు: ఎంత బాగుచేసినా పాత తోలు పాత తోలే, దీనికి తడి తగలొద్దు, తడిచేత్తో ముట్టుకోవద్దు, తడిగుడ్డ చూపించొద్దు. వాళ్లు వందసార్లూ తలూపారు.

విజయదశమి పొద్దున తొమ్మిదింటినీ ఉతికిన పంచెలో చుట్టి, రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. రేకుల గది, స్టీలు ర్యాకులు, బయట షామియానా, మైకు. నడిమధ్య తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద తన పుస్తకాలు వరసగా పేర్చాడు. పూజ కాగానే ముహూర్తంలో వాటిని ర్యాకులోకి ఎక్కిస్తారు. జనం చుట్టూ మూగి, ఇవి పాతవేనా అని ఆశ్చర్యపోయారు. ప్రెసిడెంటు భార్య ఇందిరాదేవి ఒక పుస్తకం తీసి భక్తిగా కళ్లకద్దుకుంది. నిష్ఠగల మనిషి, ఉల్లిపాయ కూడా ముట్టదు. మేకకాళ్ల సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు మనం చెప్పడమూ బాగుండదు. టీచరు జంగయ్యను, ముందు టిఫిను చేసి రమ్మని షామియానా కిందికి పంపింది.

ఉప్మా రెండు ముద్దలు తిన్నాడో లేదో, లోపల గంట మోగింది. కిటికీలోంచి చూశాడు. ఇందిరాదేవి ఎడమచేతిలో ఇత్తడి పళ్లెం, పళ్లెంలో గిన్నెడు పసుపు, నీళ్లు పోసి జారుగా కలిపింది. ఆమె వెనక పదీ పదిహేనుమంది ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు, తలా ఒక బొట్టు పెట్టడానికి. ఆమె వేలు ముంచి మొదటి పుస్తకం మీద మూడు బొట్లు పెట్టేసింది.

అప్పుడు తెలిసింది జంగయ్యకు తన బుద్ధితక్కువ. తడి అన్నాడు, తడిచెయ్యి అన్నాడు, తడిగుడ్డ అన్నాడు. పసుపు అనలేదు. అతని ఇంట్లోనూ దసరాకు కత్తికీ సూదికీ పసుపు పెడతారు. పసుపును తడి అని ఎవరనుకుంటారు? వాళ్లూ అనుకోలేదు, తనూ అనుకోలేదు.

విస్తరి ఎక్కడ పడిందో చూసుకోలేదు. మనుషుల్ని తోసుకుంటూ, చేతిని కండువాకు తుడుచుకుంటూ లోపలికి దూకాడు. ఇందిరాదేవి వేలు రెండో పుస్తకం మీదికి దిగుతోంది. జంగయ్య తన చెయ్యి ఆ పుస్తకం మీద కప్పేశాడు. బొట్టు అతని చెయ్యి మీద పడింది.

మంత్రం ఆగిపోయింది. పంతులు నోరు తెరిచి చూస్తున్నాడు. ఇందిరాదేవి ముఖం ఎర్రబడింది. పూజ మధ్యలో ఆపడమంటే మాటలా?

"పుస్తకాలు పెట్టి, పసుపు పెట్టకుండా సరస్వతీపూజ ఏమిటయ్యా?" అంది ఆమె.

జంగయ్య మొదటి పుస్తకం వైపు వేలు చూపించాడు. మూడు బొట్ల చుట్టూ తోలు నల్లబడుతోంది. అందరూ చూస్తుండగానే నలుపు పాకి, పావలా బిళ్లంత అయింది. ఇందిరాదేవి అయ్యో, అయ్యో అంటూ కొంగుతో తుడవబోతే టీచరు ఆపింది.

"అమ్మా, నాదే తప్పు. తడి అని చెప్పిన, పసుపని చెప్పలే," అన్నాడు జంగయ్య. తొమ్మిదింటి ముందూ రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. "పెట్టాల్నంటె గీ చేతులకు పెట్టున్రి. వాటికొద్దు. అవి నిలబడ్డది గీ చేతులతోనే."

ఇందిరాదేవి నల్లబడిన పుస్తకాన్ని చూసింది, బంకా దానిమ్మరంగూ గోళ్లలోకి ఇంకిపోయిన ఆ చేతుల్ని చూసింది. పసుపులో వేలు ముంచింది.

"రెండో చెయ్యి కూడా ఇటివ్వండి," అంది.

వేలివేలికీ పసుపు రాసింది, వేలివేలికీ కుంకుమ పెట్టింది. ఆమె తర్వాత టీచరు పెట్టింది. వెనకున్న ఆడవాళ్లు వరస చెదరకుండా వచ్చి, పుస్తకాలకు పెట్టాల్సిన బొట్లన్నీ జంగయ్య చేతులకే పెట్టారు. పంతులు ఎక్కడాపాడో అక్కణ్ణుంచి అందుకున్నాడు. జంగయ్య కళ్ల నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకుందామంటే చేతులు ఖాళీగా లేవు.

తీరా ముహూర్తం వేళకు చిక్కొచ్చింది. పుస్తకాలు ర్యాకులోకి ఎక్కించాలి, ఎక్కించాల్సిన మనిషి చేతులు మోచేతుల దాకా తడి. అప్పుడు రామమోహనరావు కుర్చీలోంచి లేచాడు. చేతులు రుమాలుతో శుభ్రంగా తుడుచుకుని, బల్ల దగ్గరకొచ్చి, ఏది ముందో చెప్పమన్నాడు.

"మెల్లగ సార్. రెండు చేతుల్తోని. వీపు పట్టి గుంజొద్దు. ఆఁ, గట్ల."

ఇంజనీరు ఒక్కొక్కటే ఎత్తి, చెప్పిన చోట చెప్పినట్టు నిలబెట్టాడు. ఎనిమిది ఎక్కాయి. తొమ్మిదోది ఆ మచ్చలది. దాన్ని ఎత్తి కాసేపు చూశాడు. దీనికొక్కదానికైనా రెక్సిన్ వేయించండి, మచ్చ కనపడకుండా పోతుందని వెనక నుంచి ఎవరో సలహా చెప్పారు.

"వద్దు," అన్నాడు రామమోహనరావు, వెనక్కి తిరక్కుండానే. "దీని తోలు దీనికే ఉండనివ్వండి."

రెండు చేతులతో మెల్లగా తీసుకెళ్లి, పై వరసలో మొదటి చోట పెట్టాడు. షామియానా కింద చప్పట్లు మోగాయి. జంగయ్యకు అందరికంటే గట్టిగా కొట్టాలని ఉంది. చేతులు ఇంకా ఆరలేదు మరి. వాటిని పుస్తకాలకు దూరంగా, గాలిలోకి ఎత్తి పట్టుకుని, గది మధ్యలో నిలబడి నవ్వుతూనే ఉన్నాడు.